సేవకు వెళ్తే సంకెళ్లా?

తమ దేశంలో ముసలివాళ్లు పెరిగిపోయి, వాళ్లను చూసుకునే చేతులు చాలక సంపన్న దేశాలు మన వైపు చూస్తున్నాయి. మంచం పట్టిన పెద్దాయనను లేపి కూర్చోబెట్టాలి, స్నానం చేయించాలి, వేళకు మందు వేయాలి, మతిమరుపుతో పదిసార్లు అడిగిన మాటకు పదకొండోసారీ ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఆ పనికి మన పిల్లలు వెళ్లడంలో తప్పేమీ లేదు, చిన్నతనం అంతకన్నా లేదు. కష్టపడి సంపాదించే రూపాయి ఎక్కడైనా గౌరవమైనదే. తప్పల్లా ఆ పని చేసే హక్కును సంతలో సరుకులా అమ్మడంలో ఉంది. అమ్మేవాళ్లు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. కొని మునిగిపోతున్నది మాత్రం అప్పో సప్పో చేసి విమానం ఎక్కినవాళ్లే.

ముందుగా పాఠకులు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. బ్రిటన్‌లో కేర్ వర్కర్ ఉద్యోగానికి విదేశాల నుంచి కొత్తగా మనుషుల్ని రప్పించుకునే దారిని అక్కడి ప్రభుత్వం 2025 జులై 22న మూసేసింది. ఇప్పటికే ఆ దేశంలో ఉండి, తమను తీసుకోబోయే సంస్థలో కనీసం మూడు నెలలుగా చట్టబద్ధంగా పనిచేస్తున్నవాళ్లు ఈ వీసాకు మారడానికి మాత్రం 2028 జులై వరకు గడువు పెట్టింది. కాబట్టి బళ్లారిలోనో, హోసూరులోనో, రాయగడలోనో కూర్చుని ఉన్న మనిషికి ఎవరైనా ‘బ్రిటన్ కేర్ వీసా నేనిప్పిస్తా’ అని చెబుతున్నారంటే లేని సరుకుకు బేరం పెడుతున్నట్లే. ఆ మాట నమ్మి పొలం కాగితాలు తాకట్టు పెట్టబోయేవాళ్లు ఒక్క రోజు ఆగితే చాలు, కుటుంబం నిలబడుతుంది.

అసలీ కథ ఎక్కడ మొదలైందో చూద్దాం. కరోనా తర్వాత ఇంగ్లండులో వృద్ధుల సంరక్షణ రంగం కుదేలైంది. 2021-22లో ఒక్క ఇంగ్లండులోనే ఆ రంగంలో 1,60,000కు పైగా ఉద్యోగాలు ఖాళీగా పడి ఉన్నాయి. జీతం తక్కువ, చాకిరీ ఎక్కువ కావడంతో స్థానికులు దుకాణాల్లో, గిడ్డంగుల్లో పనికి వెళ్లిపోయారు. జీతాలు పెంచి సొంత మనుషుల్ని నిలబెట్టుకోవాల్సిన ప్రభుత్వం దగ్గరి దారి వెతుక్కుంది. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లను ఆరోగ్య, సంరక్షణ వీసా పరిధిలోకి తెచ్చింది. ఇక చూడండి, వరద గేటు ఎత్తినట్లయింది. 2023-24 ఒక్క సంవత్సరంలోనే ఇంగ్లండు సంరక్షణ రంగంలో విదేశాల నుంచి వచ్చి చేరినవాళ్లు సుమారు 1,05,000 మంది. నైజీరియా, జింబాబ్వేలతో పాటు భారతదేశం నుంచి వెళ్లినవాళ్లే ఇందులో ఎక్కువ.

గేటు ఎత్తినవాళ్లు కాపలా మాత్రం పెట్టలేదు. ఈ వీసాకు ఒక మెలిక ఉంది. మనిషికి వీసా వస్తుంది గానీ దాని తాళంచెవి యజమాని చేతిలో ఉంటుంది. ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందిన సంస్థ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తేనే వీసా. ఆ లైసెన్సులు ఎవరికి ఇచ్చారు, ఎలా ఇచ్చారు అన్నది సరిహద్దుల తనిఖీకి నియమితుడైన అక్కడి స్వతంత్ర అధికారే 2024 మార్చిలో బయటపెట్టారు. ఉనికిలోనే లేని ఒక కేర్ హోమ్ పేరు మీద 275 సర్టిఫికెట్లు మంజూరయ్యాయట. నలుగురే ఉద్యోగులున్నామని చెప్పుకున్న మరో సంస్థకు 1,234 ఇచ్చారట. నలుగురు పనిచేసే చోట పన్నెండు వందల మందికి పనేముంటుంది? కళ్లుండి చూసేవాళ్లకు ఇది అర్థం కాని లెక్క కాదు. లండనులో హోంశాఖ చూడలేదు, చూడనవసరం లేదనుకుంది.

ఫలితం ఊహించిందే. 2022 జులై నుంచి 2024 డిసెంబరు మధ్య సంరక్షణ రంగంలో 470కి పైగా సంస్థల స్పాన్సర్ లైసెన్సులు రద్దయ్యాయి. వాటిని నమ్ముకున్న కార్మికులు 39,000 మందికి పైనే. మోసం చేసిన సంస్థకు పడిన శిక్ష లైసెన్సు పోవడం. మరి మోసపోయిన మనిషికో? అరవై రోజుల గడువు. ఆ లోపు మరో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకుని దేశం విడిచిపోవాలి. దొంగను పట్టుకున్నామని చెప్పి సొమ్ము పోగొట్టుకున్నవాడిని ఊరి నుంచి వెళ్లగొట్టడం ఏ నీతి? తాంబూలాలిచ్చేశాం, తన్నుకు చావండి అన్నట్లుంది వ్యవహారం.

ఇందులో అప్పు లెక్క ఎలా పనిచేస్తుందో తెలిస్తే గానీ ఈ మనుషులు నోరెందుకు విప్పరో అర్థం కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఈ వీసా మీద కేర్ వర్కర్‌కు ఇవ్వాల్సిన కనీస జీతం ఏడాదికి 25,000 పౌండ్లు, అంటే గంటకు 12.82 పౌండ్లు. వారానికి ముప్పై ఏడున్నర గంటల పని దొరికితే పన్నులు పోను నెలకు దాదాపు 1,800 పౌండ్లు చేతికొస్తాయి. కాగితం మీద బాగానే ఉంది. కానీ సంస్థ దగ్గర పనే లేక వారానికి పదిహేను గంటలే ఇచ్చిందనుకోండి, నెలకు దాదాపు 830 పౌండ్లే వస్తాయి. అందులో గది అద్దె, తిండి, ఇంటింటికీ తిరగడానికి బస్సు ఖర్చు పోవాలి. ఇంటి దగ్గర లక్షల అప్పు, నూటికి రెండో మూడో వడ్డీ. యజమానిని ‘పని ఇవ్వండి’ అని గట్టిగా అడిగితే ‘స్పాన్సర్‌షిప్ తీసేస్తా’ అంటాడు. తీసేస్తే అరవై రోజులు. తిరిగి వస్తే ఊళ్లో వడ్డీ వ్యాపారి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనే మాట ఇలాంటివాళ్ల కోసమే పుట్టిందేమో. అందుకే రాత్రింబవళ్లు చేయించుకున్నా, ఒప్పందంలో లేని పని చెప్పినా, పాస్‌పోర్టు దాచిపెట్టుకున్నా చాలామంది కిమ్మనరు. ఇది ఉద్యోగం కాదు, పాతకాలం జీతగాడి వ్యవస్థకు కొత్త అంగీ తొడిగినట్లు.

2024 మార్చి 11 నుంచి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లు భార్యను గానీ భర్తను గానీ పిల్లల్ని గానీ వెంట తీసుకెళ్లడానికి వీల్లేదని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. పరాయి ఇంటి అవ్వను కంటికి రెప్పలా చూసుకోవాలి, తన కడుపున పుట్టిన బిడ్డను మాత్రం అమ్మమ్మ దగ్గర వదిలిరావాలి. ఇది చాలదన్నట్లు, అక్కడ శాశ్వతంగా ఉండే హక్కుకు ఇన్నాళ్లూ ఉన్న అయిదేళ్ల వ్యవధిని ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు పదిహేనేళ్లకు పెంచాలని 2025 నవంబరులో ప్రతిపాదించారు. ఆట మధ్యలో గీత జరపడం ఏ ఆటలోనూ న్యాయం కాదు.

విదేశాల నుంచి మనుషుల్ని తీసుకెళ్లడానికి నీతి నియమాలు లేవా అంటే, లేకేం, దండిగా ఉన్నాయి. ఆరోగ్య సిబ్బంది అంతర్జాతీయ నియామకాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే నియమావళి తెచ్చింది. బ్రిటన్‌కు అంతకుముందు నుంచే సొంత నియమావళి ఉంది. ఇందులో మనకు సంబంధించిన ముచ్చట కూడా ఉంది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఆ నియమావళి ప్రకారం భారతదేశంలో నాలుగు రాష్ట్రాల నుంచి నర్సులను చురుగ్గా చేర్చుకోకూడదని ఆంక్ష ఉండేది. ఆ నాలుగూ ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్. బ్రిటన్ నుంచి అభివృద్ధి సాయం పొందుతున్న రాష్ట్రాల నుంచే నర్సులను ఎత్తుకుపోవడం మర్యాద కాదని అప్పటి ఆలోచన. ఇప్పుడా జాబితా లేదు. తర్వాత నియమావళిలోకి సామాజిక సంరక్షణ సిబ్బందిని కూడా చేర్చారు. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర రుసుము వసూలు చేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. పని వెతికిపెట్టినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడాన్ని బ్రిటన్‌లో 1973 నాటి చట్టమే నిషేధించింది. నియమాలు పాటిస్తామని ఒప్పుకున్న నియామక సంస్థల జాబితా కూడా అక్కడ బహిరంగంగా ఉంటుంది. చట్టం పుస్తకంలో ఉంది, వసూళ్లు మన ఊళ్లో జరిగాయి. మధ్యలో ఏడు సముద్రాలు. ఎవరికి ఎవరు జవాబుదారీ?

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఎదుటివాళ్లను అనేముందు మన గుమ్మం ముందు ఊడ్చుకోవాలి కదా. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ప్రతి ఏజెంటూ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి. అలా రిజిస్టరైన ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలకు మించకూడదు. పన్ను కలిపితే 35,400. అంతే. దానికి రసీదు ఇచ్చి తీరాలి. మరి లక్షలకు లక్షలు ఎలా గుంజుతున్నారు? చాలా చోట్ల బోర్డు మీద ఉండేది ఏజెంటు పేరు కాదు, ‘కన్సల్టెన్సీ’. పైకి ‘చదువులకు సలహాలిస్తాం’ అంటారు, లోపల ఉద్యోగాలు అమ్ముతారు. పైగా బ్రిటన్ మన ప్రభుత్వం ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేసిన 18 దేశాల్లో లేదు. గల్ఫ్‌కు వెళ్లే పదో తరగతి తప్పిన కూలీకి విమానాశ్రయంలో ఒక ప్రశ్నయినా ఎదురవుతుంది. డిగ్రీ చదివి బ్రిటన్ వెళ్లే అమ్మాయి ఒప్పందాన్ని అడిగి చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

శిక్షల సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపినా, పరిమితికి మించి వసూలు చేసినా ఈ చట్టం వేసే శిక్ష రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. లక్షలు మింగినవాడికి రెండు వేల జరిమానా అంటే బస్తా బియ్యం దొంగకు గుప్పెడు నూకలు కక్కమన్నట్లు! నలభై ఏళ్లు దాటిన ఈ చట్టాన్ని మార్చడానికి కేంద్రం 2025లో కొత్త బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. ముసాయిదాలకు మన దేశంలో కొరత లేదు. కొత్త చట్టంలో సేవా రుసుము యజమానే భరించాలని, ఏ దేశానికి వెళ్లినా ఒప్పందం నమోదు తప్పనిసరి అని, కన్సల్టెన్సీ ముసుగులో ఉద్యోగాలు అమ్మేవాళ్లనూ ఏజెంట్లుగానే చూడాలని రాయకపోతే అది పాత సీసాకు కొత్త మూత పెట్టినట్లే అవుతుంది.

సరిహద్దు తెలుగువాళ్లకు ఇందులో అదనంగా మరో తలనొప్పి ఉంది. కుటుంబం హోసూరులో ఉంటుంది, కన్సల్టెన్సీ బెంగళూరులో, డబ్బు వేసింది హైదరాబాదు బ్యాంకు ఖాతాలో, ఉద్యోగం బర్మింగ్‌హామ్‌లో అనుకుందాం. మోసం బయటపడ్డాక ఏ ఠాణా మెట్లు ఎక్కాలి? ఇక్కడికెళితే అక్కడికి పొమ్మంటారు, అక్కడికెళితే మా పరిధి కాదంటారు. ఫిర్యాదు తమిళంలోనో కన్నడంలోనో రాయాలి. చేతిలో ఉన్న కాగితం ఇంగ్లీషు, ఏజెంటు మాట్లాడింది తెలుగు. తెలుగు మాట్లాడాడు కాబట్టే ‘మనవాడే’ అని నమ్మారు కూడా. పరాయి రాష్ట్రంలో సొంత భాష వినబడితే మనసు కరగడం సహజం. ఆ కరిగే మనసు మీదే కొందరు వ్యాపారం చేస్తున్నారని గ్రహించాలి. గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా, కోలారు నుంచి రాయచూరు దాకా, చంద్రపూరు, గడ్చిరోలి పల్లెల్లో, యానాంలో ఈ మాటకు మినహాయింపు లేదు.

ఠాణాల మధ్య తిప్పే ఆటకు ఇప్పుడు చట్టంలో విరుగుడు ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సరే, బాధితుడు తనకు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. వాళ్లు ‘జీరో’ నంబరు మీద నమోదు చేసుకుని సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ‘మా పరిధి కాదు’ అనే జవాబు ఇక చెల్లదు. ఎమిగ్రేషన్ చట్టం కింద కేసుకు కేంద్రం అనుమతి కావాలన్న నిబంధన కూడా, వెళ్లిన మనిషో అతని తల్లిదండ్రులో భార్యో భర్తో తోబుట్టువులో ఫిర్యాదు చేసినప్పుడు వర్తించదు. ఈ రెండు సంగతులు తెలియక ఎంతోమంది వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు. ఈ మాట ఠాణాల్లో గోడల మీద మన భాషలో కూడా రాసి పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఆడవాళ్ల గల్ఫ్ వలస మనకు ముందే పాఠం నేర్పింది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి కువైట్, మస్కట్ వెళ్లిన తల్లుల కన్నీళ్లు చూశాకే ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్ల కనీస వయసు పెట్టారు. 2015లో నర్సులను ఆ దేశాలకు ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం తెచ్చారు. ఇవి పూర్తి పరిష్కారం కాదు. దొడ్డిదారిన విజిటింగ్ వీసాల మీద పంపడం ఆగలేదు. అయినా ప్రభుత్వం మధ్యలో నిలబడితే ఏజెంటుకు కొంతైనా భయం ఉంటుందని తేలింది. కేరళ ఈ పాఠం బాగా వంటబట్టించుకుంది. నోర్కా రూట్స్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా జర్మనీకి, బ్రిటన్‌కు నేరుగా ఒప్పందాలు చేసుకుని నర్సులను పంపుతోంది. తమిళనాడులో ప్రభుత్వ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉన్నాయి. ఇన్ని ఉన్నా కన్సల్టెన్సీ గుమ్మం ముందు ఉన్నంత వరుస ప్రభుత్వ సంస్థ ముందు ఉండదు. కారణం ఒక్కటే, ఆ సంస్థలు రాజధానుల్లో కూర్చుంటాయి, ఏజెంటు మన వీధిలోకి వస్తాడు. జిల్లా కేంద్రంలో నెలకో రోజు శిబిరం పెట్టి, కాగితాలు చూసి ఇది నిజం, ఇది బోగస్ అని చెప్పే మనిషి ఉంటే సగం మోసాలకు అక్కడే తెర పడుతుంది.

ఇప్పటికే అక్కడ చిక్కుకున్నవాళ్ల మాటేమిటి? బ్రిటన్ తలుపు మూసేసినంత మాత్రాన లోపలున్నవాళ్ల కష్టం తీరలేదు. వీసాను ఒక్క యజమానికి కాక మొత్తం సంరక్షణ రంగానికి ముడిపెడితే, చెడ్డ యజమానిని వదిలి మంచి యజమాని దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ వస్తుంది. అక్కడి కార్మిక సంఘాలు కొన్నేళ్లుగా కోరుతున్నది ఇదే. కొత్తవాళ్లను తీసుకోవడానికి ముందు స్పాన్సర్ పోయిన కార్మికులకు అవకాశం చూపాలని 2025 ఏప్రిల్‌లో ఇంగ్లండులో సంస్థలకు షరతు పెట్టారు. మంచిదే. కానీ అరవై రోజుల కత్తి మెడ మీద వేలాడుతుంటే ఏ షరతు ఎవరిని కాపాడుతుంది? మోసపోయినట్లు తేలిన మనిషికి కనీసం ఆరు నెలల గడువు, ఆ లోపు పనిచేసుకునే హక్కు ఇవ్వాలి. బ్రిటన్‌తో వ్యాపార ఒప్పందాల మీద సంతకాలు పెట్టే మన ప్రభుత్వం ఈ మాట అడగాలి. విస్కీ మీద సుంకం గురించి బేరమాడగలిగినవాళ్లు మనుషుల గురించి ఆడలేరా? బ్రిటన్‌లోని తెలుగు సంఘాలు సంక్రాంతి, ఉగాది సంబరాలతో పాటు ఇలాంటివాళ్లకు ఒక పూట అన్నం, ఒక వకీలు చిరునామా అందించే పనీ తలకెత్తుకుంటే ఆ పండుగలకే నిండుదనం వస్తుంది.

బ్రిటన్ తలుపు పడగానే బోర్డు మీద దేశం పేరు మారుతుంది. రేపు జపాన్ అంటారు, జర్మనీ అంటారు, ఇజ్రాయెల్ అంటారు. వాటిలో నిజమైన అవకాశాలూ ఉన్నాయి, వాటి నీడలో బోగస్ బేరాలూ ఉంటాయి. వెళ్లాలనుకునేవాళ్లు కొన్ని పనులు తప్పక చేయాలి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. పిలుస్తున్న సంస్థ నిజంగా ఉందో లేదో ఆ దేశ ప్రభుత్వ జాబితాలో చూడాలి. బ్రిటన్‌లో స్పాన్సర్ లైసెన్సుల జాబితా, కేర్ హోమ్‌ల రిజిస్టరు ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి. వారానికి ఎన్ని గంటల పని, గంటకు ఎంత, మానేస్తే ఏమైనా కట్టాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. డబ్బు చేతికి ఇవ్వకూడదు, మూడో మనిషి ఖాతాలో అసలే వేయకూడదు. అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కు ఫోన్ చేయాలి. ‘రేపటిలోగా కట్టకపోతే సీటు పోతుంది’ అని తొందరపెట్టేవాడు ఉద్యోగం ఇచ్చేవాడు కాదని తెలుసుకోవాలి.

చివరిగా మనల్ని మనమే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బెంగళూరు, చెన్నై, ముంబయి అపార్టుమెంట్లలో మన అమ్మానాన్నలను చూసుకోవడానికి వచ్చే ఆయాలు ఎవరు? చాలామంది ఒరిస్సా కొండ ఊళ్ల నుంచి, రాయలసీమ, కోలారు పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే. ఏజెన్సీ మన దగ్గర ఎంత తీసుకుంటోంది, ఆ పిల్లకు ఎంత ఇస్తోంది అని మనలో ఎంతమంది అడిగాం? వారానికి ఒక రోజు సెలవు, రాత్రి నాలుగు గంటల నిద్ర, తినడానికి అందరిలాగే ఒక కంచం ఉన్నాయా లేవా అని చూశామా? వేరే దేశంలో మన బిడ్డకు ఏ మర్యాద కావాలని కోరుకుంటున్నామో, మన ఇంట్లో పరాయి బిడ్డకు ఆ మర్యాద ఇస్తేనే ఆ కోరికకు విలువ. నీతిగల నియామకం అనే పెద్ద మాట లండనుకు ఎంత వర్తిస్తుందో మన వంటింటి గుమ్మానికీ అంతే వర్తిస్తుంది. సేవ చేసే చేతికి సంకెళ్లు వేసి ఆ చేత్తోనే ప్రేమగా అన్నం పెట్టించుకోవాలనుకోవడం ఎవరికీ న్యాయం కాదు.